ఏ అడవిలో తీశావురా?

మా ముందుగదిలో గోడకి ఒక పెద్దపులి ఫోటో ఉండేది. నేను తీసిందే. తల కాస్త వంచి, ముందు కాలు ఎత్తి, చూసేవాళ్ళ మీదికి నడిచొస్తున్నట్టు ఉంటుంది. వెనకంతా మసక పచ్చదనం. చెవి అంచున వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు, అంత స్పష్టంగా వచ్చింది. ఒకసారి మా బాబాయి దాని ముందు చాలాసేపు నిలబడి, "ఏ అడవిలో తీశావురా?" అన్నాడు. "అడవి కాదు బాబాయ్, జూలో" అన్నాను. "ఓ, జూనా" అని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మళ్ళీ ఆ ఫోటో ఊసెత్తలేదు.

ఆ "ఓ" నన్ను చాలా రోజులు వదల్లేదు. జూలో తీస్తే విలువ లేదా అని మొదట ఉక్రోషం వచ్చింది. ఆ తర్వాత ఫోటోని నేనే మళ్ళీ మళ్ళీ చూసుకుంటుంటే ఇంకో సంగతి తట్టింది. దానికి అడవి వేషం వేసింది నేనే. కంచె కనపడకుండా, గోడ కనపడకుండా, నీళ్ళ సిమెంటు తొట్టి కనపడకుండా నాలుగువైపులా కోసి, అడవిలో తీశానేమో అనిపించేలా తయారుచేశాను. అలా అనిపించేలా చేసి, నిజం తెలిసి నిరాశపడ్డవాళ్ళ మీద కోపగించుకోవడం ఏం న్యాయం?

అంతకంటే పెద్ద సంగతి మరొకటి ఉంది. ఆ రోజు ఆ పులి నా వైపు నడిచి రాలేదు. కంచె వెంబడి ఒకే దారిలో అటూ ఇటూ తిరుగుతోంది. ఆ దారి మేర గడ్డి పూర్తిగా పోయి, జానెడు వెడల్పున మట్టి బాట పడింది. ఒక చివర పెద్ద రాయి ఉంది. దాని దగ్గరికి రాగానే ప్రతిసారీ కుడిపక్కకే తిరిగేది. తిరిగే ముందు ప్రతిసారీ తల కొంచెం వంచేది. నాలుగైదు సార్లు చూశాక నాకు పని తేలికైపోయింది. రాయి పక్కన ఫోకస్ పెట్టుకుని ఎదురుచూశాను. వచ్చింది, తల వంచింది, నొక్కాను. గంటసేపు నేను చూసిన తిరుగుడులోంచి సెకనులో ఐదువందలో వంతు ముక్క తీసి గోడకి తగిలించాను. ఆ ముక్కలో రాజసం ఉంది. ఆ గంటలో నాకు కనిపించింది రాజసం కాదు.

ఇలా ఒకే కదలికని పనేమీ లేకుండా మళ్ళీ మళ్ళీ చేయడాన్ని స్టీరియోటైపీ అంటారు. ఎలుగుబంటి తల అటూ ఇటూ ఊపుతూ ఉండిపోవడం, ఏనుగు ఒంటిని ఊపుతూ నిలబడటం కూడా ఇదే కోవలోకి వస్తాయి. అడవిలో ఎంత పెద్ద ప్రాంతంలో తిరిగే మాంసాహార జంతువైతే బంధనంలో ఈ లక్షణం అంత ఎక్కువగా కనిపిస్తుందని రోస్ క్లబ్, జార్జియా మేసన్ అనే పరిశోధకులు 2003లో నేచర్ పత్రికలో రాశారు. నేను ఆ పులిని తీసేనాటికి ఇదేమీ తెలియదు. పులి చురుగ్గా ఉందని సంతోషపడ్డాను. "ఈరోజు మన అదృష్టం, భలే తిరుగుతోంది" అని పక్కనున్నాయనతో అన్నట్టు కూడా గుర్తు. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

జూలో ఫోటోలు తీయడం మానేయాలని నేను అనను. ఇప్పటికీ వెళ్తాను, ఇంకా వెళ్తాను. నేను చెప్పేది ఒక్కటే. జూలో తీసిన ఫోటోని జూ ఫోటోగానే తీయాలి, అలాగే చెప్పాలి. దానికి అడవి ముసుగు వేస్తే అడవినీ తప్పుగా చూపిస్తాం, జూనీ తప్పుగా చూపిస్తాం, మధ్యలో ఆ జంతువు ఎవరికీ కనపడకుండా పోతుంది.

ఈ మాట అనగానే కొందరు మిత్రులు, "మరి లెన్స్ జాలీకి ఆనించి, జాలీ మాయం చేస్తావు కదా, అది ముసుగు కాదా?" అంటారు. మంచి ప్రశ్నే. జాలీ వెనక ఉన్న పక్షిని తీయాలంటే నేను చేసేది ఇది. అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, ఎంత తెరుచుకుంటే అంత తెరుస్తాను, ఎఫ్ 4 గానీ అంతకంటే తక్కువ గానీ. 200 మిల్లీమీటర్లు, ఆపైన లెన్స్. జాలీకి వీలైనంత దగ్గరగా నేను, జాలీ నుంచి వీలైనంత దూరంగా పక్షి. అప్పుడు తీగలు ఫోకస్‌కి చాలా ఇవతల ఉండిపోయి పలచటి మసకగా కరిగిపోతాయి. ఎండ పడుతున్న తీగలైతే ఎంత ప్రయత్నించినా ఫోటో అంతా పాలు పోసినట్టు తెల్లబారుతుంది. అలాంటప్పుడు జాలీ నీడలో ఉన్న చోటు వెతుక్కోవాలి, లేదా లెన్స్ ముందున్న తీగల మీద చేత్తో నీడ పట్టాలి. సందర్శకుల కోసం ముందు ఇంకో కడ్డీ ఉంటే దాన్ని దాటి చెయ్యి చాపకూడదు. ఆ ఫోటో మనకి రాసిపెట్టి లేదనుకుని వదిలేయాలి.

ఇది ముసుగు అని నేను అనుకోను. జాలీ ముందు నిలబడ్డ మనిషి కన్ను కూడా ఇదే చేస్తుంది, పక్షి మీద చూపు నిలపగానే తీగలు వెనక్కి తగ్గిపోతాయి. నాకు అభ్యంతరం ఆ తర్వాత జరిగే పని మీద. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పక్షి కాలికున్న రింగుని చెరిపేస్తారు. వెనకున్న గోడ తీసేసి అక్కడ వర్షారణ్యం అతికిస్తారు, ఇప్పుడైతే ఆ అడవిని ఏఐ క్షణంలో పుట్టించి ఇస్తుంది. రింగు సంగతే తీసుకోండి. దాని మీదున్న నంబరుతోనే ఆ పక్షి ఎప్పుడు పుట్టింది, దాని తల్లిదండ్రులెవరు, దానికి ఏ జత కుదురుతుంది అన్నది జూ రికార్డుల్లో వెతుకుతారు. అంటే అది ఆ పక్షి పేరు. పేరు చెరిపేసి ఫోటో అందంగా వచ్చిందనుకోవడం నాకు మింగుడుపడదు.

దగ్గరగా చూడటమనే వరం జూలో తప్ప దాదాపు ఎక్కడా దొరకదు. అడవిలో గ్రేట్ హార్న్‌బిల్ అనే పెద్ద ముక్కు పక్షి కనిపిస్తే, ఎక్కడో చెట్టు చిటారున పసుపూ నలుపూ ముద్దలా కనిపిస్తుంది, రెక్కల హోరు వినిపిస్తుంది, అంతే. జూలో ఒక ఉదయం, గేటు తెరిచిన పావుగంటకే, నాకు రెండు బారల దూరంలో ఒక మగ హార్న్‌బిల్ కొమ్మ మీద కూర్చుంది. మబ్బు పట్టిన రోజు. అంతకంటే మంచి వెలుగు లేదు, నీడలు గట్టిగా పడవు, కంటికింద నలుపులో కూడా వివరం తెలుస్తుంది. ఎర్రటి కన్ను. ఆడదానికైతే కన్ను తెల్లగా ఉంటుంది, ఆ తేడాతోనే దాన్ని మగదని గుర్తుపట్టాను. కంటిపైన రెప్పవెంట్రుకలు, నల్లగా, పొడుగ్గా, కాస్త పైకి వంగి. పక్షికి రెప్పవెంట్రుకలేమిటని లెన్స్‌లోంచి చూస్తూ నోరెళ్ళబెట్టాను. అవి వెంట్రుకలు కావని, సన్నబడ్డ ఈకలని తర్వాత తెలిసింది.

అది మెడ వెనక్కి తిప్పి తోక మొదట్లో ముక్కు పెట్టి రాసుకోవడం మొదలుపెట్టింది. అక్కడ ఒక గ్రంథి ఉంటుంది, దాన్నుంచి పసుపు రంగు నూనె వస్తుంది. ముక్కు మీదున్న ఆ పసుపు, మెడ ఈకల పసుపు చాలావరకు ఆ నూనెదే. అంటే ఆ పక్షి ప్రతిరోజూ తన రంగు తనే పూసుకుంటుంది. నలభై నిమిషాలు నిలబడ్డాను. కార్డులో మూడొందల ఫోటోలు చేరాయి. అందులో నాకు నచ్చింది ఒక్కటే, ముక్కు కొసకి నూనె తడి మెరుస్తున్నది. కాలికి రింగు స్పష్టంగా కనిపిస్తుంది, ఒక మూల తీగ నీడ కూడా పడింది. రెండూ అలాగే ఉంచాను.

అద్దం వెనకున్న జంతువులతో ఇబ్బంది వేరు, జవాబు చిన్నది. లెన్స్ ముందు తొడిగే మెత్తటి రబ్బరు హుడ్‌ని అద్దానికి ఆనించాలి, ఏటవాలుగా కాకుండా తిన్నగా తీయాలి, నల్ల బట్టలు వేసుకోవాలి. ఫ్లాష్ మాటే వద్దు. అద్దంలో మన ఫ్లాష్ మనకే తిరిగి కొడుతుంది, అది మన నష్టం. గుడ్లగూబ, లోరిస్ లాంటి రాత్రి జంతువులకైతే చీకటికి అలవాటైన కళ్ళలో అది గుచ్చుకుంటుంది, అది వాటి నష్టం. జంతువు ఇటు తిరగడం లేదని అద్దం మీద కొట్టేవాళ్ళ పక్కన నేను ఫోటో తీయను. కెమెరా దించి, కొట్టొద్దండీ అని చెప్తాను. ఆ చప్పుడుకి తిరిగిన ముఖం ఎంత బాగా పడినా అది నాకు అక్కర్లేదు.

ఇంతకీ ఆ ముఖాన్ని మనం చదివే తీరు ఇంకో పెద్ద గొడవ. చింపాంజీ పళ్ళన్నీ బయటపెట్టిందంటే చాలాసార్లు భయపడిందని అర్థం. దానికింద "నవ్వుల రాణి" అని రాస్తారు. హిప్పో బార్లా నోరు తెరిస్తే ఆవలింత అంటారు, అది చాలాసార్లు బెదిరింపు. పులి పై పెదవి ముడిచి, నోరు సగం తెరిచి నిలబడితే గర్జన అంటారు. గర్జన వినిపించిందా మరి? అది వాసన పడుతోంది. నోటి పైభాగంలో ఉండే ప్రత్యేకమైన అవయవంతో వేరే జంతువు వదిలిన వాసనని పరిశీలిస్తోంది. నిలిచిపోయిన ఫోటోలో చప్పుడుండదు, ముందూ వెనకా ఉండదు, కాబట్టి మనకి తోచిందల్లా దాని నెత్తిన పెట్టొచ్చు. అక్కడే నిలబడి చూసినవాళ్ళం మనం. మనమే తప్పుగా చెప్తే సరిచేసేవాళ్ళెవరు?

2007లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ జూలో బోకిటో అనే మగ గొరిల్లా నీటి కందకం దాటి బయటికొచ్చి ఒక సందర్శకురాలిని తీవ్రంగా గాయపరిచింది. ఆమె తరచూ వచ్చి దాని కళ్ళలోకి చూస్తూ నవ్వేది, అది కూడా తిరిగి నవ్వుతోందని నమ్మేది. గొరిల్లాలకి కళ్ళలోకి సూటిగా చూడటం, పళ్ళు కనపడటం స్నేహం కాదు. ఆమె ప్రేమతోనే వచ్చింది, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ సంగతి చదివినప్పటి నుంచి గొరిల్లా ముందు కెమెరా ఎత్తి గంటలు గంటలు గురిపెట్టి కూర్చోవడం మానేశాను. మన లెన్స్ అటువైపు నుంచి చూస్తే రెప్ప వేయని పెద్ద కన్ను.

కంచె దాచడం మనతో మొదలైన పని కాదని కూడా చెప్పాలి. జర్మనీలో కార్ల్ హాగెన్‌బెక్ 1907లో హాంబర్గ్ దగ్గర కడ్డీలు లేని జూ తెరిచాడు. జంతువులకీ జనానికీ మధ్య కందకాలు తవ్వించి, వెనక కృత్రిమంగా కొండలు కట్టించాడు. చూసేవాళ్ళకి కందకం కనపడదు, జంతువులు స్వేచ్ఛగా తిరుగుతున్నట్టుంటుంది. జంతువులకి కడ్డీల బోను కంటే అది మెరుగే కావచ్చు, ఆ తర్వాత ప్రపంచమంతా ఆ పద్ధతినే అనుసరించింది. కానీ కందకం తీసేసింది మన కంటి ముందున్న కడ్డీల్నే. పులి తిరగగలిగే చోటు ఎంతో అంతే. ఆ కట్టడం సగం దాస్తే, ఫోటోలు తీసే మనం మిగతా సగం దాచేస్తున్నాం.

"ఎవరికి నష్టం? అందంగా ఉంటే చాలు కదా" అనేవాళ్ళకి ఒక తోడేలు కథ చెప్తాను. లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం నడిపే వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో 2009లో మొదటి బహుమతి, రాత్రివేళ చెక్క గేటు మీంచి దూకుతున్న తోడేలు ఫోటోకి వచ్చింది. కొన్ని నెలలకే, అది శిక్షణ ఇచ్చిన పెంపుడు తోడేలు అయ్యుండొచ్చని న్యాయనిర్ణేతలు తేల్చి బహుమతి వెనక్కి తీసుకున్నారు. ఫోటోగ్రాఫర్ మాత్రం ఒప్పుకోలేదు. నాకు అందులో గుర్తుండిపోయిన విషయం, ఫోటోలో ఒక్క చుక్క మారకపోయినా అందరూ దాన్ని చూసే చూపు మారిపోవడం. అందం ఒక్కటే చాలితే అలా జరగకూడదు. ఫోటో చూసేవాళ్ళు ఎప్పుడూ ఒక మాట నమ్మి చూస్తారు, ఇది ఇలా జరిగింది అని. మనం ఇచ్చేది ఆ మాటే.

అయితే జూ ఫోటో తక్కువదన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. క్వాగ్గా అని దక్షిణాఫ్రికాలో జీబ్రా జాతి జంతువొకటి ఉండేది. తల మీద, మెడ మీద చారలు, నడుము దగ్గరికి వచ్చేసరికి చారలు మాసిపోయి వెనకంతా గోధుమ రంగు. వేటాడి వేటాడి అంతం చేశారు. చివరిది 1883లో ఆమ్‌స్టర్‌డామ్ జూలో చచ్చిపోయింది. ప్రాణంతో ఉన్న క్వాగ్గా ఫోటోలు లోకంలో ఉన్నవి ఐదే ఐదు, ఐదూ ఒకే ఆడ క్వాగ్గావి, అన్నీ లండన్ జూలో 1863, 1870 మధ్య తీసినవి. పక్కకి తిరిగి నిలబడి ఉంటుంది, వెనక జూ ఆవరణ. అది తీసినవాళ్ళు చుట్టూ ఉన్నదంతా గీకేసి ఆఫ్రికా గడ్డి మైదానం గీసి ఉంటే? చారలు ఎక్కడ ఆగుతాయన్నది కూడా గీశారేమో అని మనకి అనుమానం మిగిలేది.

టాస్మేనియా పులిగా పేరుపడ్డ థైలసీన్ సంగతీ అంతే. అది నిజానికి పులి కాదు, కంగారూలా పొట్టకి సంచి ఉండే ఆస్ట్రేలియా జంతువు. దాని జాతిలో చివరిదిగా తెలిసింది 1936 సెప్టెంబరు 7న హోబర్ట్‌లోని జూలో చనిపోయింది. ఆ జాతిని చట్టం కాపాడటం మొదలుపెట్టి అప్పటికి రెండు నెలలే. 1933లో డేవిడ్ ఫ్లే అనే ఆయన ఆ జూలోనే ఒక నిమిషం పాటు తీసిన ఫిల్ము ఉంది. ఇనప వల, సిమెంటు నేల, అందులో అటూ ఇటూ తిరిగే జంతువు. చూస్తుంటే గొంతు పట్టేస్తుంది. వల కనపడుతోంది కాబట్టే ఆ నిమిషం అబద్ధం చెప్పదు.

ఇవి పాత కథలనుకోకండి. పసిఫిక్ సముద్రంలోని గువామ్ దీవిలో సిహెక్ అనే చిన్న లకుముకి పిట్ట ఉండేది. గోధుమ రంగు తల, నీలి రెక్కలు. ఓడల్లో వచ్చిన చెట్టుపాములు గుడ్లనీ పిల్లల్నీ తినేస్తుంటే, మిగిలిన పిట్టల్ని 1980లలో పట్టి జూలకి తీసుకెళ్ళారు. 1988 నాటికి అడవిలో ఒక్కటీ లేదు. 2024లో పాల్మైరా అనే మరో దీవిలో తొమ్మిది పిట్టల్ని వదిలారు. ఆ రెండింటి మధ్య ముప్పై ఆరేళ్ళలో తీసిన ప్రతి సిహెక్ ఫోటో బంధనంలో ఉన్న పిట్టదే. ఆ ఫోటోలకింద "అడవి పక్షి" అని రాసి ఉంటే అదెంత ఘోరమైన అబద్ధం! ఆ పిట్టకి అడవే లేదు అన్నదే కదా అసలు వార్త. జోయెల్ సార్టోర్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ 2006 నుంచి జూలలోనూ పునరావాస కేంద్రాలలోనూ నల్లటి, తెల్లటి తెరల ముందు పదివేలకు పైగా జాతుల్ని ఫోటో తీశాడు. ఒక్కటీ అడవిలో తీసినట్టు నటించదు. పేరు, చోటు రాసి ఉంటుంది. చూస్తే మనకి ఏమీ తగ్గినట్టనిపించదు.

నా వాదానికి ఎదురొచ్చే పరిశోధన కూడా ఒకటుంది, దాచను. చింపాంజీ పక్కన మనిషి నిలబడి ఉన్న ఫోటో చూసినవాళ్ళు, అడవిలో చింపాంజీలు క్షేమంగానే ఉన్నాయనీ ఇంట్లో పెంచుకోవడానికి బాగుంటాయనీ అనుకోవడం ఎక్కువని 2011లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. అంటే మనుషుల లోకాన్ని ఫ్రేములోకి తేవడం కూడా ప్రమాదమే. దీని గురించి చాలా ఆలోచించాను. చేతిలో కోతిపిల్ల, భుజం మీద మకావ్ చిలుక పెట్టుకుని దిగే ఫోటోలు నేను తీయను, ఎవరు అడిగినా తీయను. అలాంటి ఫోటో "ఇది మనది" అంటుంది. కాలి రింగు, కంచె మూల, అరిగిపోయిన బాట ఆ మాట అనవు. ఈ తేడా అందరికీ తెలుస్తుందా అంటే, ఫోటోకింద రెండు ముక్కలు రాస్తే తెలుస్తుందనే నా నమ్మకం.

ఆ పులి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను, ఒక్కసారి కాదు, ఏడాదిలో తొమ్మిది సార్లు. తిండి వేళకి ముందు దాని తిరుగుడు ఎక్కువ. ఒకరోజు కీపర్లు మాంసాన్ని ఎత్తైన దుంగల మీద దాచారు. ఆ పూట రెండు గంటలు అది బాట మొహం చూడలేదు. వెనక కాళ్ళ మీద లేచి, దుంగని గోళ్ళతో చీరుతూ, వాసన పడుతూ తిరిగింది. నేను తీసిన ఫోటోల్లో దాని వీపే ఎక్కువ వచ్చింది, ముఖం సరిగ్గా పడలేదు, దుంగకి కట్టిన గొలుసు మధ్యలో అడ్డం. అయినా ఆ రోజున్నంత సంతోషంగా ఎప్పుడూ ఇంటికి రాలేదు.

గోడ మీది పాత ఫోటోని తీసేయలేదు, మార్చాను. పాత ఫైలు తెరిచి, అప్పట్లో కోసేసిన నాలుగువైపులూ తిరిగి తెచ్చి, పెద్దగా ప్రింటు వేయించాను. ఇప్పుడు పులి చిన్నదిగా ఉంటుంది. ఎడమపక్క రాయి, కుడిపక్క కంచె స్తంభం, రెండింటి మధ్యా తెల్లగా మట్టి బాట. కింద చిన్న అక్షరాలతో రాశాను: "పెద్దపులి, ఆడది. జూలో. తిండికి ముందు, ఇదే బాటలో తిరుగుతూ." పక్కనే దుంగ ఫోటో పెట్టాను. మొన్న బాబాయి వచ్చినప్పుడు రెండిటి ముందూ నిలబడ్డాడు. బాట మీద వేలు పెట్టి ఆ చివర నుంచి ఈ చివరకి జరుపుతూ, "ఇంతేనా దీని చోటు?" అన్నాడు. వెనక ఇంకొంచెం ఉంది బాబాయ్, చెట్ల కింద, అని చెప్పాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.